అల్లుడు తెచ్చిన కేబులు

అల్లుడు ఏది తెచ్చినా అత్తగారింట్లో దానికి వంక పెట్టకూడదు. ఇది ఎక్కడా రాసి లేదు, ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అయినా అందరికీ తెలుసు. తెచ్చిన గొడుగు కారినా బాగుందనాలి, తెచ్చిన గడియారం వెనక్కి నడిచినా బాగుందనాలి. పుల్లక్క ఈ పద్ధతిని ఎనిమిదేళ్ళు పొల్లుపోకుండా పాటించింది. తొమ్మిదో ఏడు ఒక కేబులు దగ్గర ఆమెకి ఓపిక నశించింది. నశించడమే మంచిదైంది.

ముందు ఆ పేరు సంగతి చెప్పాలి. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఫ్యాన్లకి మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆమెది మోటార్లు వినే పని. నవ్వకండి, అది నిజంగానే ఉద్యోగం. బిగింపు పూర్తయిన మోటారుని బల్ల మీద తిప్పి, జానెడున్నర చెక్కపుల్ల ఒక కొస దాని ఒంటికి, రెండో కొస చెవి ముందున్న ఎముకకి ఆనించి వినాలి. లోపల బేరింగులో ఇసుక రేణువంత దుమ్ము చేరినా ఆ పుల్ల మోసుకొచ్చి చెప్పేస్తుంది. బాగున్న మోటారు ఎడమ పక్కకి, బాగులేనిది సుద్దగీత పెట్టి కుడి పక్కకి. ఆమె గీత పెట్టిన ప్రతి మోటారునీ బిగింపువాళ్ళు మళ్ళీ విప్పుకోవాలి కాబట్టి, "మన పనికి పుల్లలు పెట్టేది ఈవిడే" అని మొదట్లో సణిగేవారు. ఇరవై ఆరేళ్ళలో ఆ సణుగుడే అరిగి అరిగి ముద్దుపేరైంది.

రోజంతా మోటార్లు విన్న చెవికి ఇంటికొచ్చాక ఒక పాట కావాలి. పాతికేళ్ళ సర్వీసు నిండినందుకు ఫ్యాక్టరీ ఏదో కానుక ఇస్తే, ఇంట్లో అందరూ గాజులు చేయించుకోమన్నా వినకుండా, ఆమె ఒక డిస్కుల ప్లేయరూ, ఒక యాంప్లిఫయరూ, నడుమెత్తు స్పీకర్లు రెండూ కొనుక్కుంది. యాంప్లిఫయరు, స్పీకర్లు వంటింటి గోడ వైపు పెట్టారు. ప్లేయరు మాత్రం అవతల కిటికీ పక్కన, ఆమె భర్త వాలుకుర్చీలోంచి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఆయన బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ముప్పయ్యేళ్ళు పిల్లల్ని లేపి, కూర్చోబెట్టి, మళ్ళీ లేపిన మనిషి, ఇక తాను మాత్రం లేవనని తీర్మానించుకున్నాడు. డిస్కు మార్చడానికి కూడా లేవడు.

ప్లేయరుకీ యాంప్లిఫయరుకీ మధ్య ఐదు మీటర్ల పైచిలుకు దూరం. వంటిల్లు ఇరుకు కావడం వల్ల ఫ్రిజ్జు ముందు గదిలోనే ఉంది. గోడ వారగా, ఆ ఫ్రిజ్జు వెనక నుంచి, పాటని అంకెలుగా మోసే ఒక డిజిటల్ కేబులు వెళ్ళాలి. ఆ కేబులు అల్లుడు తెచ్చాడు.

"దొరికేవాటిలో ఇదే టాపు, అత్తయ్యా," అన్నాడాయన పెట్టె తెరిచి. అల్లుడు కంప్యూటర్ల ఆఫీసులో పెద్ద ఉద్యోగి. మాటల్లో తడబాటు ఉండదు, తెలియదనే మాట నోట రాదు. కేబులు బొటనవేలంత లావుంది. పైన నీలం అల్లిక, రెండు చివర్లా బంగారు పూత. మెత్త మీద పడుకోబెట్టి మరీ అమ్మారు దాన్ని. డ్రిల్లు మాస్టారు దాన్ని రెండు చేతులతో అందుకుని, "మా అల్లుడు తెచ్చాడంటే ఆషామాషీగా ఉంటుందా," అని పక్కింటివాళ్ళకి కూడా చూపించి వచ్చాడు. అందుకోసం మాత్రం కుర్చీలోంచి లేచాడు.

వారం తిరక్కుండానే పుల్లక్కకి పాటలో ఏదో వినపడింది. గోరుతో గాజు మీద కొట్టినట్టు చిన్న టిక్కు. అక్కడ పాట రెప్పపాటు తెగి మళ్ళీ అతుక్కుంటుంది. పావుగంటకో అరగంటకో ఒకసారి వస్తుంది. డిస్కు తప్పేమో అనుకుని మార్చి చూసింది. ఆ డిస్కులోనూ వచ్చింది. పోనీ పాటలో ఒకే చోట వస్తుందా అంటే అదీ లేదు.

"ఏమండీ, ఇప్పుడు టిక్కుమంది, విన్నారా?"

"ఏది?"

"పాట మధ్యలో."

"నాకేం వినపడలేదే," అన్నాడు మాస్టారు పేపరు దించకుండా.

మూడు వారాల్లో ఆమె పదిసార్లు అడిగింది, ఆయన పదిసార్లూ అదే మాట అన్నాడు. చివరికి ఆమె కూతురికి చెప్పింది. కూతురు మొగుడికి చెప్పింది. ఆ ఆదివారం అల్లుడు వచ్చి యాంప్లిఫయరు ముందు కుర్చీ వేసుకుని, గడియారం చూసుకుని, గంటసేపు కదలకుండా కూర్చున్నాడు. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి విన్నారు. ఒక్క టిక్కు వస్తే ఒట్టు.

"డిజిటల్ అంటే వస్తే మొత్తం వస్తుంది, రాకపోతే అసలు రాదు, అత్తయ్యా. మధ్యలో టిక్కులూ టక్కులూ ఉండవు," అన్నాడు అల్లుడు, చాలా మర్యాదగా. ఆ మర్యాదే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది.

ఆ సాయంత్రం ఫ్రిజ్జు కింద నీళ్ళు మడుగు కట్టి, లోపల పాలు విరిగిపోయి కనిపించాయి. తలుపు సరిగ్గా వేయలేదని ఆ మాట కూడా పుల్లక్క మీదే పడింది. "అమ్మకి ఈ మధ్య పరధ్యానం ఎక్కువైంది, చెవి కూడా చూపించాలి," అని కూతురు తండ్రితో చెవులు కొరికింది. పుల్లక్కకి ఆ గుసగుస స్పష్టంగా వినపడింది. కాని తనకి వినపడినవాటికి ఆ ఇంట్లో విలువ లేదని అప్పటికే అర్థమై ఊరుకుంది.

చెవి డాక్టరు ఆమెని గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి డొప్పలు తగిలించి, ఏవేవో కూతలు వినిపించాడు. బాగా సన్నటి కూతలు కొన్ని ఆమెకి అందలేదు. "ఈ వయసుకి మామూలేనమ్మా," అన్నాడాయన చీటీ రాస్తూ. "కొందరికి లేని శబ్దాలు ఉన్నట్టు కూడా వినిపిస్తాయి."

"విన్నావా," అంది కూతురు.

డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి పెట్టిన సెలవు చీటీలో చెవి పరీక్ష అని రాసి, డాక్టరు చీటీ కూడా జత చెయ్యాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలో కొత్త సూపర్‌వైజరు ఆ చీటీ కోసమే కాచుకుని కూర్చున్నట్టున్నాడు. ఆయన వస్తూ వస్తూ ఒక మీటరు వెంట తెచ్చాడు. మోటారుకి దాన్ని తగిలిస్తే ముల్లు కదులుతుంది. ముల్లు ఎర్రగీత దాటకపోతే మోటారు పాసు. పుల్లక్క సుద్దగీత పెట్టిన మోటార్లలో సగానికి పైగా ఆ మీటరు దగ్గర పాసైపోతున్నాయి. ముల్లు తప్పయినా కావాలి, చెవి తప్పయినా కావాలి. ఎర్రగీత ఎక్కడ ఉండాలో నిర్ణయించింది సూపర్‌వైజరే కాబట్టి, ఆయన దృష్టిలో ముల్లు తప్పయ్యే ప్రసక్తే లేదు.

ఆయన ఆమెని ఫ్యాక్టరీలోని తన గాజు గదిలోకి పిలిచి టైపు చేసిన కాగితం ఒకటి ఇచ్చాడు. వినికిడి తగ్గినందువల్ల మోటార్ల బాగోగులు సరిగ్గా తేల్చలేకపోతున్నాననీ, నా అంతట నేనే ప్యాకింగు విభాగానికి మారుతున్నాననీ అందులో ఉంది. కింద సంతకానికి చుక్కల గీత.

"జీతం తగ్గదమ్మా. ఇన్నేళ్ళు చేశారు, గౌరవంగా తప్పుకుంటే బాగుంటుంది," అన్నాడు. "సోమవారం ఇవ్వండి."

శుక్రవారం సాయంత్రం ఇంట్లో ఎవరూ లేరు. మాస్టారు కూరగాయలకి వెళ్ళాడు. పుల్లక్క ఆ కాగితం బల్ల మీద పరిచి పెన్ను మూత తీసింది. నిజం చెప్పాలంటే సంతకం పెట్టేద్దామనే తీసింది. భర్తకి వినపడలేదు, అల్లుడికి వినపడలేదు, డాక్టరు చీటీ ఇచ్చాడు, మీటరు ఒప్పుకోదు. ఇంతమంది ఒకవైపూ తన చెవి ఒకవైపూ ఉంటే, తప్పు తనదేనేమో అని ఆమెకి మనసులో భయం పట్టుకుంది. ఉద్యోగం పోతుందని కాదు ఆ భయం. ఇరవై ఆరేళ్ళు తను విన్నదంతా అబద్ధమైపోతుందని.

పాట మోగుతోంది. టిక్కుమంది.

ఈసారి ఆ టిక్కుతో పాటే ఇంకోటి కూడా మొదలైంది. వెనక నుంచి సన్నటి ఝుంకారం. పుల్లక్క పెన్ను పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. అది ఫ్రిజ్జు మోటారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. మోటార్లు వినేవాళ్ళు ఇంట్లో మోటార్లు వినరు. పగలంతా వాటితోనే గడిపి ఇంటికొచ్చి మళ్ళీ మిక్సీనీ ఫ్యానునీ ఫ్రిజ్జునీ వింటూ కూర్చుంటే పిచ్చెక్కుతుంది. అందుకని పుల్లక్క గడప దాటగానే చెవిలో ఆ ఒక్క తలుపు మూసేసుకునేది. ఏళ్ళ తరబడి మూసి మూసి, అది మూసి ఉందన్న సంగతే మర్చిపోయింది. ఆ రోజు కాగితం ముందేసుకుని మోటార్ల గురించే ఆలోచిస్తూ కూర్చోవడం వల్ల తలుపు తెరుచుకునే ఉండిపోయింది.

ఆమె పెన్ను పక్కన పెట్టి కూర్చుంది. కాసేపటికి మోటారు ఆగింది. ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ మొదలైంది. టిక్కు. లేచి ఫ్రిజ్జు స్విచ్చి ఆపి, రెండు డిస్కులు పూర్తిగా వింది. పాట ఎక్కడా తెగలేదు. స్విచ్చి వేసింది. మోటారు అందుకుంది, టిక్కుమంది. పుల్లక్క పెన్నుకి మూత పెట్టేసింది.

మాస్టారు సంచీతో లోపలికి రాగానే చెప్పింది. "రేపు ఆ కేబులు మార్చేస్తున్నాను."

ఆయన సంచీ కింద పెట్టకుండానే, "అల్లుడు తెచ్చింది కదే. ఏమనుకుంటాడు?" అన్నాడు. "అంతగా అయితే ఫ్రిజ్జుని ఆ మూలకి జరిపించుకుందాంలే."

పుల్లక్క ఆయన వైపు చూసింది.

"ఫ్రిజ్జు సంగతి నేను మీకు చెప్పలేదే," అంది.

మాస్టారి సంచీలోంచి ఒక టమాటా దొర్లి కుర్చీ కిందికి పోయింది. దాన్ని వెతికే వంకతో వంగి, కావలసినదానికంటే ఎక్కువసేపు కిందే ఉన్నాడు.

"మీకూ వినపడింది."

"మొదటి రోజే వినపడింది," అన్నాడు కుర్చీ కింద నుంచి. "రోజంతా ఈ గదిలోనే కూర్చుంటాను కదే. ఫ్రిజ్జు అందుకున్నప్పుడల్లా వస్తుందని రెండో రోజుకే తెలిసిపోయింది."

"మరి ఆ ఆదివారం అల్లుడుగారు గంటసేపు కూర్చుంటే ఒక్కసారీ ఎందుకు రాలేదు?"

అడుగుతుండగానే ఫ్రిజ్జు కింద మడుగూ, విరిగిన పాలూ ఆమె కళ్ళ ముందు కదిలాయి.

"స్విచ్చి ఆపేశారా?"

"ఆయనొచ్చే ముందు ఆపాను. వెళ్ళాక వెయ్యడం మర్చిపోయాను." మాస్టారు లేచి నిలబడ్డాడు. "అంత ఇష్టంగా తెచ్చాడు. నలుగురిలో పరువు తీసినట్టుంటుందని మొహమాటపడ్డానే. నిన్ను చెవిటిదాన్ని చెయ్యాలని కాదు."

ఎంత తేలిగ్గా అనేశాడో చూడండి. మొహమాటమట. ఈ ఒక్క మాట అడ్డం పెట్టుకుని మనవాళ్ళు చెయ్యని ఘోరం లేదు. పుల్లక్క అరవలేదు. అరవడం తన ఉద్యోగంలో భాగం కాదన్నట్టు, మామూలు గొంతుతోనే మాట్లాడింది.

"ఆయన మొహం చిన్నబోకూడదని మీరు నా చెవులు పోగొట్టారు. అమ్మాయి నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్తుంటే గడపలో నిలబడి జాగ్రత్తగా వెళ్ళి రమ్మన్నారు. ఆ గాజు గదిలో కూర్చుని నాకు నిజంగానే మతి పోతోందేమో అనుకున్నాను నేను. ఇదిగో, ఇది చదవండి."

ఫ్యాక్టరీ కాగితం ఆయన చేతిలో పెట్టింది. మాస్టారు నిలబడే చదివాడు.

"ఇది నాకు చెప్పలేదేం?"

"చెవిటిదాని మాట ఎవరు వింటారని చెప్పాలి?"

ఆ పూట ఆయన సారీ చెప్పబోయాడు గాని, ఆమె పెడచెవిన పెట్టింది.

శనివారం పొద్దున్నే పుల్లక్క టేపు తీసుకుని గోడ వారగా కొలిచింది. ఐదు మీటర్ల నలభై సెంటీమీటర్లు. నీలం కేబులు ఊడదీసి చుట్ట చుట్టి సంచీలో వేసుకుంది. మాస్టారు పిలవకుండానే చెప్పులేసుకుని వెంట నడిచాడు.

వైర్ల కొట్టాయన చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఏదో ప్లగ్గు విప్పుతున్నాడు. కొట్టు ఎంత ఇరుకంటే ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు రోడ్డు మీదే. గోడల నిండా వైర్ల చుట్టలు. సంగతి వినగానే ఆయన మాస్టారు వైపు తిరిగి, "సార్ దగ్గర ఏ సెట్టుంది?" అన్నాడు.

"వినేది ఆవిడ. ఆవిడనే అడగండి," అన్నాడు మాస్టారు. నెల రోజుల్లో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి పనికొచ్చే మాట అదే.

కొట్టాయన లోపలి నుంచి నల్ల పెట్టె ఒకటి తెచ్చాడు. "ఇది పెట్టండి మేడం. బాసు లోతుగా వస్తుంది. పాడేవాళ్ళు ఎదురుగా కూర్చుని పాడినట్టుంటుంది."

"వాళ్ళు ఎదురుగా కూర్చోనక్కర్లేదు. ఫ్రిజ్జు మోటారు అందుకున్నప్పుడు పాట తెగకుండా ఉంటే చాలు."

కొట్టాయన చేతిలో పెట్టె కౌంటరు మీద పెట్టేసి, ఈసారి ఆమె వైపు సరిగ్గా చూశాడు. "తెగినప్పుడు టిక్కుమంటుందా?"

"అంటుంది."

"పాత కేబులు తెచ్చారా?"

ఆయన నీలం కేబులు ప్లగ్గు మర తిప్పి వెనక్కి లాగాడు. లోపల నాలుగైదు వెంట్రుకల్లాంటి రాగి పోగులు ఒక పక్కకి మెలితిప్పి అతికించి ఉన్నాయి, అంతే. "పైన కనిపించే అల్లిక గుడ్డదమ్మా. లోపల కవచం ఇదిగో, ఈ నాలుగు పోగులే. ఇది మామూలు స్టీరియో సిగ్నలుకి చేసిన తీగ, అందులోనూ అందం చూసుకుని చేసింది. మీటరు దూరమైతే దీంతోనూ గడిచిపోయేది. ఐదు మీటర్లు ఫ్రిజ్జు వెనక నుంచి లాగితే మోటారు అందుకున్నప్పుడు కొట్టే కరెంటు తన్నుడికి తట్టుకోలేదు."

"మరి దేన్ని చూసి కొనాలి?"

"అంకె చూసి. ప్లేయరు ఆ చివరా, యాంప్లిఫయరు ఈ చివరా డెబ్బై ఐదు ఓములకి తయారవుతాయి. మధ్యలో తీగ కూడా అదే అయితే సిగ్నలు సాఫీగా పోతుంది. లేకపోతే చివరి దాకా వెళ్ళి వెనక్కి తన్నుకొస్తుంది."

పుల్లక్క నల్ల పెట్టె చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని నాలుగు పక్కలా చదివింది. ప్రాణం పోసే నాదమనీ, ఆత్మని తాకే స్వచ్ఛత అనీ ఏదేదో ఉంది. డెబ్బై ఐదు మాత్రం ఎక్కడా లేదు.

"ఇది విప్పి చూపిస్తారా?"

"సీలు వేసిన పెట్టె కదా మేడం, విప్పకూడదు."

"విప్పి చూపించనిది నాకొద్దు." పెట్టె వెనక్కి జరిపింది. "ఆ పైన నల్ల చుట్ట ఏమిటి?"

అది టీవీ కేబులులాంటి మామూలు నల్ల తీగ. కొట్టాయన అడుగు ముక్క కోసి, పొట్టు ఒలిచి ఇచ్చాడు. మధ్యలో రాగి తీగ, దాని చుట్టూ తెల్లటి నురగ ప్లాస్టిక్కు, దాని మీద రేకు, రేకు మీద వలలా దట్టంగా అల్లిన కవచం. పై తొడుగు మీద తెల్ల అక్షరాల్లో 75 అని అచ్చు వేసి ఉంది. ఆమె ఆ అంకె మీద వేలు పెట్టి చదివింది. ఆ రేకు దగ్గరే బయటి చప్పుడంతా ఆగిపోతుందని ఆయన చెప్పాడు. ఐదున్నర మీటర్లు కోయించి, రెండు చివర్లా ప్లగ్గులు అతికించమంది. మొదటి ప్లగ్గు అతికించగానే తీసుకుని గట్టిగా లాగింది. అతుకు పట్టు విడిచింది.

"అలా లాగితే ఏదైనా ఊడుతుంది మేడం."

"ఊడకుండా అతికించండి. నేను ఆగుతాను."

ఆయన గొణుక్కుంటూ మళ్ళీ అతికించాడు. ఈసారి లాగినా, మెలితిప్పినా కదల్లేదు. మాస్టారు ఆ నల్ల తీగని చూసి, "అందంగా మాత్రం లేదే," అన్నాడు.

"ఫ్రిజ్జు వెనక ఉండేదానికి అందమెందుకండీ," అంది పుల్లక్క. ముందు రోజు సాయంత్రం నుంచీ ఆయనతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

ఆదివారం అల్లుడూ కూతురూ వచ్చారు. మాస్టారు గదిలోకీ వంటింట్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పుల్లక్క వాళ్ళని కూర్చోనిచ్చి, మంచినీళ్ళిచ్చి, సూటిగా చెప్పేసింది. "బాబూ, మీరు తెచ్చిన కేబులు తీసేశాను. దాంతో పాట తెగుతోంది."

అల్లుడి ముఖం నిజంగానే చిన్నబోయింది. అయితే ఏమైంది, ఇంటి కప్పు కూలలేదు. ఆయన డిజిటల్ గురించి మళ్ళీ మొదలుపెట్టబోతే, ఆమె నీలం కేబులు తగిలించి, పాట పెట్టి, ఆయన్ని ఫ్రిజ్జు పక్కన నిలబెట్టింది. మోటారు అందుకుంది. టిక్కుమంది. అల్లుడు తల తిప్పి స్పీకరు వైపు చూశాడు. వెంటనే స్విచ్చి ఆపి మళ్ళీ వెయ్యబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఐదు నిమిషాలు ఆగండి. ఆపిన వెంటనే వేస్తే మోటారు పాడవుతుంది." ఆగి వేశారు. టిక్కు. మూడోసారీ అంతే. తర్వాత నల్ల కేబులు తగిలించి మూడుసార్లు చేశారు. పాట చెక్కుచెదరలేదు.

"మరి ఆ రోజు గంటసేపు ఎందుకు రాలేదు?" అన్నాడు అల్లుడు.

"ఫ్రిజ్జు నేనే ఆపాను. మీరు బాధపడతారని," అన్నాడు మాస్టారు. ఆ మాట చెప్పడానికి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"చెప్పి ఉంటే ఆ రోజే మార్చి తెచ్చేవాణ్ణి కదా, మామయ్యగారూ." అల్లుడు సాయంత్రం దాకా ముభావంగానే ఉన్నాడు, అది దాచిపెట్టడం ఎందుకు. కూతురు వంటింట్లో తల్లి పక్కన నిలబడి, "నేను కూడా నీ మాట నమ్మలేదు కదమ్మా," అని కళ్ళు తుడుచుకుంది. పుల్లక్క కూతుర్ని దగ్గరికి తీసుకుంది గాని, పర్వాలేదులే అని మాత్రం అనలేదు. పర్వా ఉంది మరి.

సోమవారం ఆమె కాగితం తీసుకుని సూపర్‌వైజరు గాజు గదిలోకి వెళ్ళింది.

"సంతకం చేశారా అమ్మా?"

"చెయ్యలేదు. చెయ్యను."

సూపర్‌వైజరు చిరునవ్వు నవ్వాడు. "డాక్టరు చీటీ ఉంది కదా."

"ఉంది. సన్నటి కూతలు వినపడవన్న మాట నిజమే. చెవి దగ్గర దోమ పాడితే నాకు తెలియదు. మోటారు దోమ కాదు సార్."

"మీరొక్కరే అంటే ఎలా? మీ పక్క బల్లల దగ్గర మోటార్లు వినే ముగ్గురినీ అడిగాను. మీరు గీత పెట్టిన మోటార్లు వాళ్ళకిచ్చి వినమన్నాను. ముగ్గురూ ఏమీ వినపడలేదనే అన్నారు."

వారం క్రితమైతే ఈ మాటతో ఆమె అక్కడికక్కడే సంతకం పెట్టేసేది. ఇప్పుడు ఆమెకి భయం వెయ్యలేదు, కోపం వచ్చింది. వినపడలేదన్న మాట వెనక ఏమేం ఉంటాయో ఆమె ఇంట్లోనే చూసింది.

"రండి," అని ఆమె బయటికి నడిచింది. ఏం చేస్తుందోనని సూపర్‌వైజరు వెనకే వచ్చాడు. మీటరు దగ్గర పాసైన మోటార్ల వరసలోంచి తన సుద్దగీత ఉన్నదాన్ని ఒకదాన్ని ఎత్తి పక్క బల్ల మీద పెట్టింది. ఆ బల్ల కళ్ళజోడామెది. ఇద్దరు పిల్లల తల్లి, పదేళ్ళుగా పుల్లక్క పక్కనే కూర్చుని పనిచేస్తోంది, ఈ పని పుల్లక్క దగ్గరే నేర్చుకుంది. పుల్లక్క మోటారు తిప్పి చెక్కపుల్ల ఆమె చేతికిచ్చింది.

"విను."

కళ్ళజోడామె సూపర్‌వైజరు వైపు చూసింది, పుల్లక్క వైపు చూసింది, పుల్ల చెవి దగ్గర ఆనించుకుంది. చుట్టుపక్కల బల్లల దగ్గర చేతులు ఆగిపోయాయి.

"వినపడనిది వినపడిందని చెప్పమనట్లేదు నేను," అంది పుల్లక్క. "నా మీద అభిమానంతో ఒక్క ముక్క కూడా అనకు. ఆయనంటే మొహమాటంతోనూ అనకు. నీ చెవికి ఏం తెలిసిందో అది చెప్పు."

ఆమె పుల్ల తీసి, మోటారు ఇంకో వైపు ఆనించి మళ్ళీ వింది.

"గరుగ్గా ఉందక్కా."

"నాక్కాదు. సార్‌కి చెప్పు."

"దీని బేరింగు బాగాలేదు సార్," అంది కళ్ళజోడామె. "మొన్న మీరు వినమన్న వాటిలోనూ గరుకు ఉంది. నాకు మొన్ననే వినపడింది. చెప్పడానికి భయపడ్డాను."

సూపర్‌వైజరు మీటరు గురించి ఏదో అంటున్నాడు. పుల్లక్క తన కాగితాన్ని బల్ల మీద బోర్లించి, వెనక తెల్లగా ఉన్న వైపు ఆ మోటారు నంబరు వేసింది. బేరింగు చెడింది, ఇది బయటికి పోకూడదు, నేను విన్నాను అని రాసి కింద తన అసలు పేరుతో సంతకం పెట్టింది. పెన్ను కళ్ళజోడామెకి అందించింది. ఆమె నేనూ విన్నాను అని రాసి సంతకం చేసింది. మూడో బల్ల దగ్గరామె ఆ మోటారుని తన వైపు లాక్కుని, పుల్ల ఆనించి విని, పెన్ను కోసం చెయ్యి చాపింది.